బంతి పట్టుకున్న పెళ్ళికూతురు

మా ఆయన ఆఫీసు బోర్డు మీద ఒక పెళ్ళికూతురు ఉంటుంది. తల వంచుకుని, సిగ్గుపడుతూ, రెండు చేతుల్తో ఫుట్‌బాల్ పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇదివరకు ఆ చేతుల్లో పూలగుత్తి ఉండేది. అప్పుడది వీడియో షాపు, మా ఆయన పెళ్ళిళ్ళకి వీడియోలు తీసేవారు. ఆటగాళ్ళ ఏజెంటుగా మారేటప్పుడు బోర్డంతా కొత్తగా రాయించమని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. పెయింటరు వారం పడుతుందన్నాడు. ఈయనకేమో సాయంత్రానికల్లా ఏజెంటు అయిపోవాలి. దాంతో పెయింటరు పూలగుత్తిని గుండ్రంగా చుట్టేసి, దాని మీద నల్లమచ్చలు పెట్టి, నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు.

వీధంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నాకు కోపం తొందరగా వస్తుంది, దాచుకోవడం చేతకాదు. "నీకు కోపమొస్తే గిన్నెలు కూడా చప్పుడు చెయ్యడానికి భయపడతాయే" అనేవారు మా అత్తగారు. ఆ మాట మెప్పో దెప్పో ఆవిడ చెప్పకుండానే వెళ్ళిపోయారు.

అసలీ పిచ్చి ఎలా పట్టుకుందంటే, ఆదివారాలు పెళ్ళిళ్ళు లేనప్పుడు మా ఆయన కెమెరా భుజాన వేసుకుని ఫ్యాక్టరీ వెనక మైదానానికి పోయేవారు. అక్కడ ఫ్యాక్టరీ జట్లు ఫుట్‌బాల్ ఆడేవి. కెమెరా పరీక్షించుకోవడానికి వెళ్తున్నానని నాతో చెప్పేవారు. కెమెరాకి లేని రోగం లేదన్నమాట, ప్రతి ఆదివారం పరీక్షే. ఒకసారి గోల్ దగ్గర కాపలా కాసే గోలీ ఒకడు వచ్చి, "అన్నా, నేను ఆపిన బంతులన్నీ ఒకచోట అతికించి ఇస్తావా?" అని అడిగాడు. ఇచ్చారు. అది చూసి ఏదో చిన్న క్లబ్బు అతన్ని తీసుకుంది. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఆ గోలీ కాగితాలు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు, "నాకు మాట్లాడటం రాదన్నా, నువ్వు రా" అని. వెళ్ళారు, మాట్లాడారు, తిరిగొచ్చారు. ఆ వేళ ఆయన మొహం చూడాలి! ఏనుగెక్కినంత సంబరం.

"ఆటగాడి తరఫున క్లబ్బులతో మాట్లాడి ఒప్పందం కుదిర్చేవాణ్ణి ఏజెంటు అంటారోయ్" అన్నారు.

"పెళ్ళిళ్ళ పేరయ్య అంటే సరిపోతుందిగా" అన్నాను.

ఏజెంటు కావాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సుకి పరీక్ష. నేను ఉల్లిపాయలు తరుగుతూ పుస్తకం ముందు పెట్టుకుని ప్రశ్నలు అడిగేదాన్ని. కన్నీళ్ళు నావి, ఏడుపు ఆయనది.

"ఒకే ఒప్పందంలో ఒకే ఏజెంటు అటు ఆటగాడి తరఫునా, ఇటు క్లబ్బు తరఫునా మాట్లాడొచ్చా?"

"ఇద్దరూ మంచివాళ్ళయితే మాట్లాడొచ్చు."

"మాట్లాడకూడదని ఉందండీ పుస్తకంలో."

"రాసినవాడు మంచివాళ్ళని చూసుండడు, పాపం."

మొదటిసారి తప్పారు. ఎందుకు తప్పరు? రెండోసారి మంచివాళ్ళని పక్కనపెట్టి పుస్తకంలో ఉన్నదే రాసి పాసయ్యారు. టైర్ల దుకాణం మీద గదే వీడియో షాపు, అదే ఏజెంటు ఆఫీసు. కింద నుంచి రబ్బరు వాసన వస్తూ ఉంటుంది. పెళ్ళివాళ్ళు కూర్చునే సోఫాలో ఇప్పుడు ఆటగాళ్ళు కూర్చోవాలి.

ఏజెంటంటే కోటు, నల్లకళ్ళద్దాలు, విమానాలు అనుకున్నాను నేను. తీరా చూస్తే ఒకడి బూటుకి అట్ట ఊడితే ఫోను మాకే. ఇంకొకడి అద్దెగదిలో కుళాయి కారితే ఫోను మాకే. "అక్కా, మా అమ్మకి నా మోకాలి సంగతి చెప్పకు" అని ఒకడు, "అమ్మాయ్, మావాడి మోకాలికి ఏమైంది?" అని వెనకాలే వాళ్ళమ్మ. అబద్ధం చెప్పలేక, నిజం చెప్పలేక నా తలప్రాణం తోకకొచ్చేది. లైసెన్సు ఆయనకి, చాకిరీ నాకు.

అసలు ఇబ్బంది ఆయన పంపించే వీడియోలతో వచ్చింది. ఆటగాణ్ణి క్లబ్బులకి చూపించాలంటే అతని ఆటలో మంచి ముక్కలు ఏరి, నాలుగు నిమిషాల వీడియో చేసి పంపాలి. మా ఆయనకి తెలిసిన వీడియో ఒక్కటే. ఆటగాడి మొహం హృదయం ఆకారంలో తెరుచుకునేది. వాడు బంతి తంతే అది మెల్లగా, గాల్లో తేలుతూ, వయొలిన్ మోగుతుండగా వెళ్ళి గోల్‌లో పడేది. పడగానే పైనుంచి గులాబీ రేకులు రాలేవి. పన్నెండేళ్ళు పెళ్ళిళ్ళు తీసిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకుంటుందా? ఒక కోచ్ ఫోన్ చేసి, "అయ్యా, మీవాడు గోల్ కొట్టాడా, గోల్‌పోస్టుని పెళ్ళాడాడా?" అని అడిగాడట. ఆ రోజునుంచీ క్లబ్బుల్లో ఈయన పేరు 'పెళ్ళి వీడియో' అయిపోయింది.

అయినా ఒకరిద్దరికి క్లబ్బులు దొరికాయి. దొరికాక ఏం చేశారు? ఏరు దాటి తెప్ప తగలేశారు. మా ఊళ్ళో ఇంకో ఏజెంటు ఉన్నాడు. ఎండాకాలంలో కూడా కోటు విప్పడు, అందుకని మేం అతన్ని 'కోటు' అనే అంటాం. అద్దాల ఆఫీసు, అందులో చేపలతొట్టి, తొట్టిలో రంగుచేపలు. ఎవడైనా కాస్త పేరు తెచ్చుకుంటే చాలు, కోటు వెళ్ళి భుజం మీద చెయ్యేసేవాడు. "నువ్వుండాల్సిన చోటు ఇది కాదు" అనేవాడు. అంతే, మావాళ్ళు చేపల్లా అటు ఈదుకుంటూ పోయేవారు. మొదటి గోలీ కూడా పోయాడు. మా ఆయన నోట్లో వేలుపెట్టినా కొరకలేని మనిషి. "పోనీలే, బాగుపడతాడు" అని కెమెరా తుడుచుకున్నారు. నేను మాత్రం ఆ గోలీని వారం రోజులు తిట్టాను.

చివరికి ఒకరోజు వంటింట్లోనే తేల్చేశాను. "ఈ సీజను ఒక్కటీ చూస్తాను. ఈలోగా మీ మనిషి అని చెప్పుకోవడానికి ఒక్కరైనా పెద్ద క్లబ్బులో నిలబడాలి. లేకపోతే ఆ బోర్డు మీద మళ్ళీ పూలగుత్తి వేయించాల్సిందే."

"సరే" అన్నారు. ఆయన వాదించి ఉంటే నాకు తృప్తిగా ఉండేది. వాదించలేదు, మొహం మాత్రం చిన్నబోయింది. దాంతో నాకు ఆయన మీద జాలి, నా మీద కోపం, రెండూ ఒక్కసారే వచ్చాయి.

ఆ వారంలోనే వచ్చింది గడియ అనే పిల్ల. మెట్లెక్కి, చెప్పులు గుమ్మం పక్కన సరిగ్గా పెట్టి, "బోర్డు చూసి వచ్చానక్కా" అంది.

"చూసి కూడా వచ్చావా?" అన్నాను.

నవ్వింది. ఆడపిల్లల జట్టులో ఎడమ పక్క కాపలా కాసే డిఫెండరు. ఆమె నిలబడితే ఆ పక్క తలుపుకి గడియ వేసినట్టేనని జట్టువాళ్ళు పెట్టిన పేరు అది. తల్లీ కూతుళ్ళు ఒక హోటలువాళ్ళ బట్టలు ఉతికే లాండ్రీలో పనిచేస్తారు. గడియకి పొద్దుటి పని, సాయంత్రం ఆట. లాండ్రీవాళ్ళు పొద్దస్తమానం ఉండే ఉద్యోగానికి రమ్మంటున్నారు, అందులో చేరితే ఇక సాయంత్రాలు ఉండవు.

"ఈ సీజన్లో ఏ క్లబ్బైనా తీసుకుంటే ఆడతాను సార్. లేకపోతే ఆపేస్తాను. అమ్మకి చెప్పేశాను" అంది మా ఆయనతో. చాలా మామూలుగా అంది గానీ, సోఫా చెయ్యిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఆ పిల్లదీ మా ఇంటిదీ ఒకటే గడువైపోయింది. కొత్తవాళ్ళని తీసుకోవడానికి క్లబ్బులకి ఆ నెలాఖరుదాకానే సమయం ఉంది.

మా ఆయన ఆమె మ్యాచులు తీశారు. తీసినవి ముందు వేసుకుని కూర్చున్నారు, మంచి ముక్కలు ఏరడానికి. ఏరడానికి ఏముందసలు? గోల్ కొట్టదు. గాల్లోకి ఎగరదు. నేల మీద జారి బంతి లాక్కోదు. ఎదుటి పిల్ల బంతి తీసుకుని వస్తుంది, గడియ అక్కడ నిలబడి ఉంటుంది, ఆ పిల్ల బంతి ఇంకొకరికి ఇచ్చేసి వెళ్ళిపోతుంది. మ్యాచంతా అంతే. గులాబీ రేకులు ఎక్కడ రాల్చాలో తెలియక ఆయన జుట్టు పీక్కున్నారు. ఉన్న నాలుగు ముక్కలూ అతికించి అన్ని క్లబ్బులకీ పంపారు. కొందరు జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ళు ఒకటే అడిగారు, ఈ అమ్మాయి ఏం చేస్తుంది అని.

అలా ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఇస్త్రీ చేసుకుంటున్నాను, ఆయన గోడకి తగిలించిన తెర మీద ఒక మ్యాచు మొత్తం నడిపిస్తున్నారు. ఏరుకోవడానికి ఒక్క ముక్కా లేదు. నాకు విసుగొచ్చింది.

"ఏమిటండీ ఈ తీయడం? ఆట అంతా అటు మూల జరుగుతోంది, మీరేమో ఎవరూ లేని ఇటు పక్కకి కెమెరా పెట్టుకుని కూర్చున్నారు! ఇటు ఎవరొచ్చారని?"

ఆయన చటక్కున లేచి నిలబడ్డారు. "మళ్ళీ అను."

"ఏమన్నాను? ఇటు ఎవరూ రావడం లేదన్నాను."

"ఎందుకు రావడం లేదు?"

"నన్నడుగుతారేం? రాని వాళ్ళనడగండి!"

ఆయన నా చేతిలో ఇస్త్రీపెట్టె తీసి పక్కనపెట్టి, నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ మనిషి అంత గట్టిగా చేతులు పట్టుకుని చాలాకాలమైంది. ఈలోగా దిండుగలీబు మాడింది, అది వేరే సంగతి.

ఆ మ్యాచులో ఎదుటి జట్టుకి కుడి పక్కన ఆడిన పిల్ల మామూలు పిల్ల కాదు. తూనీగ అంటారు అందరూ, అంత వేగం. తర్వాత ఆమెని ఊళ్ళోకెల్లా పెద్ద క్లబ్బు తీసుకుంది. మా ఆయన ఆ క్లబ్బు కోచ్ మేడంని బతిమాలి ఒక పావుగంట సంపాదించారు. వీడియో ఏమీ కత్తిరించలేదు. హృదయం లేదు, వయొలిన్ లేదు. ఆ మ్యాచు మొదటి సగం ఉన్నది ఉన్నట్టు పట్టుకుని బయల్దేరారు.

"నువ్వు కూడా రా. నేను నోరు తెరిచి పొగడ్డం మొదలుపెడితే టేబులు కింద నా కాలు తొక్కు" అన్నారు.

"ఎందుకు పొగడకూడదు?"

"కాకిపిల్ల కాకికి ముద్దే కదోయ్. మన పిల్లని మనం మెచ్చుకుంటే ఎవడు నమ్ముతాడు? వాళ్ళంతట వాళ్ళకే కనబడాలి."

కోచ్ మేడం గది మైదానం పక్కనే ఉంది. బల్ల మీద ఈలలు, మెడకి తువ్వాలు, కిటికీలోంచి పిల్లల అరుపులు. మేడం మంచినీళ్ళయినా తాగకుండా పనిచేసే మనిషిలా కనబడింది. పక్కన అసిస్టెంటు కోచ్, కుర్రవాడు, మొహంలో అప్పుడే నవ్వు. "పెళ్ళి వీడియో గారు మీరేనా సార్?" అన్నాడు. నాకు చుర్రుమంది. కానీ కాలు తొక్కాల్సింది ఆయనది కదా అని ఊరుకున్నాను.

వీడియో మొదలైంది. తూనీగ ఇటు పక్కకి ఒకసారి వచ్చింది, గడియ ఉంది, వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఇంకో రెండుసార్లు. ఆ తర్వాత తెర మీద గడ్డి తప్ప ఏమీ లేదు. గడియ ఒక్కతీ అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. అసిస్టెంటు ఆవలించాడు.

"సార్, కెమెరా పాడైనట్టుంది. ఖాళీ పక్కకి తిరిగిపోయింది" అన్నాడు.

మా ఆయన తెర వంకే చూస్తున్నారు. మేడం గడియారం చూసుకుంది. చేతిసంచీ దగ్గరికి లాక్కుంది. ఇక లేస్తుంది. సోఫా చెయ్యి పట్టుకున్న ఆ పిల్ల చెయ్యి కళ్ళముందు కదిలింది. నేను ఉండబట్టలేక, "ఏమండీ మేడం—" అని నోరు తెరిచాను. టేబులు కింద టక్కున నా కాలు నలిగింది. తొక్కమని నాకు చెప్పి, ఆయనే తొక్కారు! నొప్పికి నోరు దానంతటదే మూసుకుంది.

మేడం లేవబోయి ఆగింది.

"ఇందాక వచ్చిపోయిన ఆ ఎర్ర చొక్కా పిల్ల మన తూనీగ కదూ?"

"అవును మేడం" అన్నాడు అసిస్టెంటు.

"దాన్ని చచ్చినా కుడి పక్క నుంచి కదపలేం మనం. ఎంత చెప్పినా వినదు. ఇక్కడ అటు ఎందుకు పోయింది? ఎవరు పొమ్మన్నారు?" చేతిసంచీ కింద పెట్టింది. కిటికీ తీసి, "తూనీగా, ఇలా రా!" అని కేకేసింది.

ఆ పిల్ల చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చింది. తెర వంక చూసిందో లేదో, మొహం మాడ్చుకుంది.

"అయ్యో, ఇది ఎందుకు పెట్టారు మేడం? ఆ రోజు మా నాన్న కూడా వచ్చాడు చూడ్డానికి."

"ఆ పిల్ల నిన్ను కొట్టిందా? తోసిందా?"

"తోస్తే బాగుండేది మేడం, ఫౌల్ అయినా వచ్చేది. ఏమీ చెయ్యదు. నేను ఎటు పోదామనుకుంటే అటు ముందే వచ్చి నిలబడి ఉంటుంది. నాలుగుసార్లు వెళ్ళాను. విసుగొచ్చేసింది. అటు పక్కకి పోతే కనీసం బంతైనా తగులుతుందని పోయాను." ఆగి, మా వంక అనుమానంగా చూసింది. "ఆమె ఇక్కడికి వస్తోందా? వస్తే మన జట్టులోకేగా మేడం? ఎదుటి జట్టులోకి కాదు కదా?"

మేడం వీడియో మొదట్నుంచి మళ్ళీ పెట్టించింది. ఈసారి కుర్చీ ముందుకి జరుపుకుని చూసింది. అసిస్టెంటు ఆవలించడం మానేశాడు. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందంటారు, ఏమీ లేని విస్తరే ఎగిరెగిరి పడుతుంది. ఆ మాట ఆ కుర్రాడికి చెప్పాలని నా నాలుక దురద పెట్టింది గానీ నా కాలు ఇంకా ఆయన కాలి కిందే ఉంది.

"రేపు తీసుకురండి. చూస్తాను. ఆ తర్వాతే మాట" అంది మేడం.

మర్నాడు గడియ వచ్చింది, తల్లిని కూడా తీసుకొచ్చింది. రెండు జట్లు చేసి ఆడించారు. అక్కడ జరిగింది చూసి నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎప్పుడూ జారని పిల్ల నేల మీద జారింది. అవసరం లేని చోట ఎగిరింది. బంతి ఎక్కడుంటే అక్కడికి పరుగు, చోటు వదిలేసి పరుగు. ఆ ఖాళీలోంచి తూనీగ రెండుసార్లు దూసుకుపోయింది. కోచ్ మేడం చూస్తోంది కదా, తను ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలని ఆ పిచ్చిపిల్ల తాపత్రయం. ఊళ్ళో క్లబ్బులన్నీ ఏం చేస్తుంది, ఏం చేస్తుంది అని అడిగితే పాపం ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

విరామంలో బెంచీ మీద కూర్చుని తువ్వాల్లో మొహం దాచుకుంది. "అయిపోయింది కదా సార్?" అంది.

మా ఆయన ఆమె ముందు గడ్డిలో చతికిలబడ్డారు. "నేను పెళ్ళిళ్ళు తీసేవాణ్ణి తెలుసుగా? కెమెరా చూడగానే కొందరు బిగుసుకుపోతారు, కొందరు మరీ నవ్వేస్తారు. ఒక్క ఫొటో కూడా పనికిరాదు. ఎవరివి బాగా వస్తాయో చెప్పనా? మూల కూర్చుని పిల్లాడికి అన్నం పెడుతూ ఉంటుందే, ఒక పిన్నో అత్తో, కెమెరా సంగతే తెలియకుండా. ఆవిడవి. నువ్వు వెళ్ళి నీ పని చేసుకో తల్లీ. నిన్ను చూసే పని నాది, చూపించే పని నాది. నీకెందుకు ఆ గొడవ?"

పన్నెండేళ్ళు ఆయన వెంట పెళ్ళిళ్ళు తిరిగాను. ఆ పని వదిలెయ్యడమో, మళ్ళీ అందులోకే పోవడమో తప్ప, అక్కడ నేర్చుకున్నది ఇంకోదానికి వాడుకోవచ్చని ఇన్నాళ్ళూ నాకు తోచలేదు. మా ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో ఆ నిమిషంలో, చెప్పడానికి సిగ్గేస్తుంది.

గడియ మొహం తుడుచుకుని వెళ్ళింది. ఇక ఆ తర్వాత చెప్పడానికేమీ లేదు. ఆమె పక్కన ఏమీ జరగలేదు. తూనీగ కాసేపు అటూ ఇటూ చూసి, కాళ్ళు నేలకేసి కొట్టి, అటు మూలకి పోయింది. కోచ్ మేడం ఫక్కున నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలని అసిస్టెంటు నా చెవిలో చెప్పాడు.

గడువుకి ముందే సంతకాలయ్యాయి. ఒప్పందంలో మా ఆయన పట్టుబట్టింది ఒకటే, వాళ్ళమ్మని మ్యాచులకి తీసుకురావడానికి క్లబ్బు బండి రావాలి అని. ఎవరూ అడగని షరతు అది. క్లబ్బువాళ్ళు తెల్లబోయి ఒప్పుకున్నారు. లాండ్రీలో ఆ రోజు గడియ తల్లి పనిలోంచి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేనూ వదల్లేదు.

మొదటి మ్యాచుకి అందరం వెళ్ళాం. గెలిచారు. గడియ తల్లి మాత్రం గుర్రుగా ఉంది.

"పెద్ద తెర మీద అందర్నీ చూపించారమ్మా, మా పిల్లని ఒక్కసారైనా చూపించారా? ఎంత కష్టపడిందో!"

"చూపించలేదంటే బాగా ఆడిందని అర్థం పిన్నీ" అన్నాను. ఎవరైనా వింటే నేనేదో పుట్టినప్పట్నుంచీ ఫుట్‌బాల్ చూస్తున్నాననుకుంటారు.

మైదానం బయట బస్సు దగ్గర ఆటగాళ్ళు సంచులు సర్దుకుంటున్నారు. మా ఆయన టీలు తేవడానికి వెళ్ళారు. నేను తలతిప్పి చూసేసరికి గడియ పక్కన కోటు నిలబడి ఉన్నాడు. భుజం మీద చెయ్యి అప్పుడే పడింది.

"చూస్తూనే ఉన్నానమ్మా నిన్ను. నువ్వుండాల్సిన చోటు ఇది కాదు" అంటున్నాడు. అదే మాట. మార్చుకోవడానికి కూడా బద్ధకం వాడికి.

ఇలాగే పోయారు అందరూ. టీ కప్పులు రెండు చేతుల్లో పట్టుకుని మా ఆయన కూడా చూశారు, చూసి అక్కడే ఆగిపోయారు. దగ్గరికి వెళ్ళరు. అడ్డం పడరు. "పోనీలే, బాగుపడుతుంది" అని మనసులో అప్పుడే అనేసుకున్నారని మొహం చూస్తేనే తెలిసిపోయింది. నేను అలా ఊరుకునేదాన్నా? చెంగు దోపుకుని బయల్దేరాను.

నేను చేరేలోపే గడియ ఒక్కడుగు పక్కకి వేసింది. ఆ చెయ్యి గాల్లో ఉండిపోయింది.

"మంచిదండీ" అంది, ఎంతో మర్యాదగా. "కానీ ఇలాంటివి నాకు మాట్లాడటం రాదు. నా సంగతులన్నీ మా ఏజెంటు చూసుకుంటారు. ఏమున్నా ఆయనతో మాట్లాడండి. అదుగో, టీలు పట్టుకుని నిలబడ్డారే, ఆయనే."

కోటు అటు తిరిగాడు. గడియ సంచీ జిప్పు వేసుకుని బస్సెక్కింది. వెనక్కి చూడనైనా లేదు.

మా ఆయన కళ్ళ నిండా నీళ్ళు. తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ కప్పులాయె. అలాగే నడుచుకుంటూ వచ్చి, ఒక కప్పు కోటు చేతికిచ్చి, గొంతు సర్దుకున్నారు.

"టీ తాగండి సార్. మా అమ్మాయి గురించేనా? చెప్పమంటే చెప్తాను. దాని ఆట ఉంది చూశారూ..." అని మొదలుపెట్టారు. పొగిడారు, పొగిడారు, టీ చల్లారిపోయేదాకా పొగిడారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన కాలు తొక్కలేదు.